పెట్టె ముద్దుగా ఉందని కొన్నావు సరే, మూత ఎప్పుడు తీస్తావు?

ప్రశ్న: అక్కా, నాకు 25 ఏళ్ళు. మాది కావలి. నెల్లూరులో ఒక ఆస్పత్రి బిల్లింగ్ కౌంటర్‌లో పనిచేస్తాను, రోజూ రైల్లో పోయి వస్తాను. రెండేళ్ళుగా నాకో పిచ్చి పట్టుకుంది. ముద్దుగా ఉండే మేకప్ డబ్బా కనిపిస్తే కొనేస్తా. సీతాకోకచిలుక అచ్చు వేసిన బ్లష్, హార్ట్ ఆకారం డబ్బా, పుస్తకంలా తెరుచుకునే 18 రంగుల ప్యాలెట్, ఇలా మొత్తం తొమ్మిది ఉన్నాయి. బీరువా పైఅరలో వరసగా పెట్టుకున్నా. వాటిలో వేలు పెట్టాలంటే ప్రాణం ఒప్పదు. అమ్మేమో "దేవుడి గూట్లో పెట్టుకో పో, రోజూ హారతి ఇస్తా" అంటుంది. మొన్న ధైర్యం చేసి లేత ఊదా బ్లష్ పూసుకుని డ్యూటీకి పోతే, కౌంటర్‌లో పక్కనమ్మాయి "ఏంది, పిండి మరకు పోయొచ్చావా?" అంది. నేను చామనఛాయగా ఉంటాను. ఈ రంగులు మనలాంటి వాళ్ళకు నప్పవా? డబ్బా చూసి కొనడం నా తెలివితక్కువా? ఇంకోటి, హార్ట్ డబ్బా రైల్లో జారిపడి లోపల పొడి ముక్కలైపోయింది. బాగు చేసుకునే దారి ఉందా? వచ్చే మాఘంలో మా పెదనాన్న కూతురి పెళ్ళి. అప్పటికైనా ఒక్కటి వాడాలని ఉంది.

సమాధానం:

చెల్లీ, ముందు మీ అమ్మగారికి నా నమస్కారం చెప్పు. హారతి మాట చదివి ఒక్కదాన్నే కూర్చుని నవ్వుకున్నా. ఆమె వెక్కిరింపుకే అన్నా, ఒకటి మాత్రం నిజం. గూట్లో పెట్టిన ఇత్తడి విగ్రహం తోముకుంటే మళ్ళీ కొత్తగా అవుతుంది. బ్లష్ అలా కాదు. మూత తీయకుండా దాచినా దాని రోజులు అది లెక్కపెట్టుకుంటూనే ఉంటుంది.

డబ్బా చూసి కొనడం తెలివితక్కువేం కాదు. నేను నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో పెరిగాను. మా చిన్నప్పుడు తిరునాళ్ళకు పోతే గాజుల అంగట్లో రంగుల కుంకుమ పెట్టె దొరికేది. గుండ్రటి ప్లాస్టిక్ పెట్టె, మధ్యలో రూపాయి బిళ్ళంత అద్దం, చుట్టూ పదో పన్నెండో గుంటలు, గుంటకో రంగు, పెట్టుకోవడానికి ఒక పుల్ల. అది కొనిమ్మని మా నాన్న చొక్కా పట్టుకుని లాగి లాగి కొనిపించాను. మా అమ్మ రోజూ ఎరుపు, పండగలకు మెరూన్ పెట్టుకుంది. ఆకుపచ్చ, నీలం, వంగపండు రంగు ముట్టుకోలేదు. మూత విరిగిపోయి పెట్టెను పారేసిన రోజు కూడా ఆ పచ్చ గుంట నిండుగానే ఉంది. నాకు ఇప్పటికీ ఆ పచ్చ రంగు కళ్ళకు కడుతుంది, పుల్లతో ఒక్కసారైనా తీసి పెట్టుకోలేదే అని.

పద్నాలుగేళ్ళుగా పెళ్ళికూతుళ్ళను ముస్తాబు చేస్తున్నా. చేతికొచ్చిన ప్రతి అమ్మాయి ప్యాలెట్ అదే కథ. గోధుమ రంగు గుంటల్లో అడుగు రేకు తేలి ఉంటుంది. నీలం మీద కంపెనీ వేసిన అచ్చు చెక్కుచెదరదు.

డబ్బా మోజు కూడా నీతో పుట్టింది కాదు. 1863లో ప్యారిస్‌లో మొదలైన బూర్జువా అనే కంపెనీ ముందు నాటకాల వాళ్ళ కోసం ముఖానికి పూసే రంగులు చేసింది. తర్వాత ఇళ్ళలోని ఆడవాళ్ళకు చిన్న గుండ్రటి డబ్బాల్లో బ్లష్ అమ్మి పేరు తెచ్చుకుంది. అమెరికాలో టూ ఫేస్డ్ వాళ్ళు చాక్లెట్ ఆకారంలో ప్యాలెట్ చేసి, రంగుల్లో కోకో పొడి కూడా కలిపారు, మూత తీస్తే వాసన గుప్పుమంటుంది. చైనా వాళ్ళ ఫ్లవర్ నోస్ డబ్బాలు చూశావనుకుంటా. హంసలు, లేసులు, ఉబ్బెత్తు పూలు, ఏ రాణిగారో పోగొట్టుకున్న నగల పెట్టెలా ఉంటాయి. చూసి మనసు పారేసుకోని ఆడదాన్ని చూపించు. నా దగ్గరే రెండున్నాయి, ఇంట్లో ధర చెప్పలేదు.

కొనేటప్పుడు ఒక్కటి తెలిసి ఉండాలి. ఉబ్బెత్తు అచ్చు ఉన్న బ్లష్‌లలో చాలావాటికి ఆ మెరుపు పైపూత మాత్రమే. నాలుగుసార్లు బ్రష్ తగిలితే ఊడిపోతుంది, కింద మామూలు గులాబీ రంగు బయటపడుతుంది. రెండేళ్ళుగా నువ్వు ముట్టుకోకుండా కాపాడుతున్నది ఆ పలచటి పూతనే. అచ్చు పోతుందని బాధగా ఉంటే బ్రష్‌ను సీతాకోకచిలుక మీద కాకుండా అంచున ఉన్న ఖాళీలో తిప్పు. అలా వాడితే రెక్కలు కొన్ని నెలలు నిలుస్తాయి. ముందు పగటి వెలుగులో నాలుగు ఫోటోలు తీసి పెట్టుకో. తర్వాత వేలు పెట్టు.

ఇప్పుడు లేచి తొమ్మిది డబ్బాలూ మంచం మీద పరిచి వెనక్కి తిప్పి చూడు. మూత తెరిచి ఉన్న చిన్న సీసా బొమ్మ, దాని మీద 12ఎం అనో 24ఎం అనో కనిపిస్తుంది. మూత తీసిన రోజు నుంచి అన్ని నెలలు వాడుకోవచ్చని దాని అర్థం. మామూలుగా పొడి బ్లష్, కనురెప్పలకు వేసే పొడి ఐషాడో ఎక్కువ కాలం ఆగుతాయి. క్రీమ్, లిక్విడ్ బ్లష్‌లు అంతకంటే ముందే పాడవుతాయి. అసలు తెరవకపోయినా దాటకూడని గడువు తేదీ విడిగా ఉంటుంది, అదీ చూడు. క్రీమ్ బ్లష్ మీద నూనె చెమర్చి, పాత నువ్వుల నూనె వాసన వస్తుంటే దాన్ని పారేయి, ఏడవొద్దు. పైగా నువ్వు పెట్టింది బీరువా పైఅరలో. మే నెలలో మన దగ్గర 40 డిగ్రీలు దాటే ఎండకు ఇనుప బీరువా ఎంత కాగుతుందో చేయి పెట్టి చూసుంటావు. వాటిని కింది అరకు దించు. స్కూటీ డిక్కీలో అయితే ఒక్కపూట కూడా వద్దు. నా స్టిక్ బ్లష్ ఒకటి డిక్కీలో కరిగి, ఆర్‌సీ కాగితం మీద పారాణి పూసినట్టు అయింది. ట్రాఫిక్ కానిస్టేబుల్‌కు అది రక్తం కాదని చెప్పుకోవాల్సి వచ్చింది.

ఇక పిండి మర సంగతి. నీకు నచ్చకపోయినా చెప్తున్నా, ఆ అమ్మాయి నిజమే చెప్పింది. కాకపోతే తప్పు నీ ఛాయది కాదు, ఆ పొడిది. లేత ఊదా, లేత గులాబీ, పాలమీగడ లాంటి పీచ్, ఇవన్నీ ఎలా తయారవుతాయనుకుంటున్నావు? కొంచెం రంగు, చాలా తెలుపు. టైటానియం డయాక్సైడ్ లాంటి తెల్ల పొడులు ఎక్కువ పడితే రంగు లేతబడుతుంది. తెల్లగా ఉండే చర్మం మీద ఆ తెలుపు కలిసిపోయి, ఊదా ఒక్కటే కనిపిస్తుంది. మన మీద ఊదా కలిసిపోయి, తెలుపు పైకి తేలుతుంది. బూడిదగుమ్మడికాయను చేత్తో రుద్దితే బూడిద ఒకచోట చేరుతుంది చూడు, అచ్చం అలాగ.

మనకు కావలసినవి డబ్బాలో చూస్తే భయం పుట్టించే రంగులు. కనకాంబరం, ముగ్గిన రేగుపండు, నేరేడు, ఇటుక ఎరుపు, దానిమ్మ గింజ. అంగట్లో "ఇంత ముదురా" అని పక్కన పెట్టేస్తాం. బ్రష్‌ను ఒక్కసారి అలా తాకించి, డబ్బా అంచుకు కొట్టి దులిపి, బుగ్గ పైఎముక మీద పూస్తే ఎండలో నడిచొచ్చిన ఎరుపులా ఉంటుంది తప్ప వేషంలా ఉండదు. నేరేడు రంగు పూసిన మొదటిరోజు పెళ్ళికూతురి అత్తగారు నా దగ్గరికి వచ్చి "ఈ అమ్మాయికి మేకప్ వేయలేదా ఇంకా?" అని అడిగింది. అంతకంటే మెచ్చుకోలు నాకు ఇంతవరకూ రాలేదు.

నీ ఊదా డబ్బాను మాత్రం పారేయొద్దు. ముందు నేరేడు రంగు క్రీమ్ బ్లష్ వేలితో పలచగా అద్దు. అది చర్మంలో కలిసిపోయాక, దాని మీద ఎముక పైకి తేలినచోట మాత్రమే ఊదా పొడి చిటికెడు వేయి. అడుగున ముదురు రంగు ఉంటే పైన తెలుపు బూడిదలా తేలదు, మెరుపులా నిలుస్తుంది. లేదంటే దాన్ని కనురెప్పకు వాడు, బ్లష్ అని రాసినంత మాత్రాన బుగ్గకే పూయాలని రూలేం లేదు. సరిగ్గా కలిసిందో లేదో ఇంట్లో ట్యూబ్‌లైట్ కింద తెలియదు. రైల్లో కిటికీ పక్క సీటు దొరికినప్పుడు ఫోన్ కెమెరాలో చూసుకో. పిండి ఉంటే అక్కడ బయటపడుతుంది, నెల్లూరు చేరేలోపు కర్చీఫ్‌తో అద్దుకోవడానికి టైముంటుంది. అద్దుకో అన్నాను, తుడవొద్దు. తుడిస్తే చారలు పడతాయి.

18 రంగుల ప్యాలెట్ గురించి అందరూ "మూడు రంగులు కలపాలి, మడతలో ముదురు, మూలలో లేత" అని వీడియోల్లో చెప్తుంటారు. అవి చూసే నీలాంటి వాళ్ళు భయపడి మూత వేసేస్తారు. డ్యూటీకి ఒక్క రంగు చాలు. రోజూ పెట్టుకునే కాటుకే కింది రెప్ప అంచున పెట్టుకో, కంటి లోపల కాదు, వెంట్రుకల మొదళ్ళ దగ్గర. అది ఆరకముందే చిన్న బ్రష్‌తో నెమలిపింఛం పచ్చను దాని మీద అద్దు. కాటుక జిడ్డు పొడిని పట్టుకుంటుంది, నలుపు మీద పచ్చ లోతుగా కనిపిస్తుంది. దూరం నుంచి చూస్తే కాటుకే, దగ్గరికొచ్చి బిల్లు అడిగేవాళ్ళకు మాత్రం పచ్చ తళుక్కుమంటుంది. నీలంతోనూ, నేరేడుతోనూ ఇదే పని చేయొచ్చు. లేత రంగులు పైరెప్ప మీద కనబడాలంటే ముందు నీ ఛాయకు సరిపోయే కన్సీలర్, అదే మచ్చలు కప్పే క్రీమ్, చుక్క పూసి, దాని మీద వేలితో అద్దాలి. మెరిసే రంగులకు వేలే మంచిది. బ్రష్‌తో తీస్తే సగం బుగ్గల మీద రాలుతుంది.

మెరుపుల మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. వినాయక చవితికి డెకరేషన్‌కు వాడే చెమ్కీ పొడిని రెప్పల మీద వేసుకునే పిల్లల్ని చూస్తున్నా. అది ప్లాస్టిక్ ముక్కలు. కంట్లో పడితే నల్లగుడ్డును గీరేస్తుంది. కంటికి వాడొచ్చని డబ్బా మీద రాసుంటేనే వాడు. లెన్సులు పెట్టుకునే అలవాటుంటే రాలే మెరుపుల జోలికే పోవద్దు.

డబ్బా ముద్దుగా ఉంటే నేను కూడా మోసపోయాను. నాలుగేళ్ళ కిందట ఒక అంగట్లో మూత మీద కొమ్ము గుర్రం బొమ్మ ఉన్న రేకు డబ్బా కొన్నా. 150 రూపాయలకు 24 రంగులు. వెనక కంపెనీ పేరు లేదు, ఊరు లేదు, ఎవరు దిగుమతి చేశారో లేదు, ఒక బార్‌కోడ్ మాత్రం ఉంది. మర్నాడు పెళ్ళికూతురికి వేద్దామని, అలవాటు ప్రకారం ముందు రాత్రి నా రెప్పకు పూసుకున్నా. ముదురు గులాబీ రంగు. గంటలో దురద. కొబ్బరి నూనె పెట్టి తుడిచి, సబ్బుతో కడిగినా గులాబీ మరక పోలేదు. పొద్దునకు రెప్పలు వాచిపోయాయి. ఆ కళ్ళతోనే పోయి పెళ్ళికూతుర్ని ముస్తాబు చేశాను. ఆమె నన్ను చూసి "అక్కా, రాత్రంతా ఏడ్చారా?" అంది. నా రెప్ప వాచింది, ఆమెది కాదు, అదొక్కటే అదృష్టం.

మా మామ పద్యనాటకాల్లో వేషం కట్టేవాడు. ముఖానికి పసుపు ఛాయ రావడానికి అరదళం నూరి పూసుకునేవాళ్ళంట. అది ఆర్సెనిక్ ఉన్న ఖనిజం. వేషం వేసినంతసేపూ పెదాలు నాలుకతో తడుపుకోకూడదని వాళ్ళ గురువు చెప్పేవాడని, దాహమేసినా ఆగేవాణ్ణని మామ చెప్పేవాడు. వాళ్ళకు కనీసం పూసుకుంటున్నది ఏమిటో తెలుసు. ఇప్పుడు మన దేశంలో మేకప్ సామాన్లకు 2020 నాటి కాస్మెటిక్స్ రూల్స్ ఉన్నాయి. రంగు కోసం సీసం, ఆర్సెనిక్ కలపకూడదు. ఇక్కడ చేసినదైతే లైసెన్స్ నంబర్, బయటి నుంచి వచ్చినదైతే రిజిస్ట్రేషన్ నంబర్, దిగుమతి చేసినవాళ్ళ పేరూ అడ్రసూ డబ్బా మీద ఉండాలి. నీ తొమ్మిదింటిలో ఈ వివరాలు లేనివి ఉంటే వాటిలో పొడి పారబోసి, డబ్బాలో చెవి కమ్మలో పిన్నీసులో పెట్టుకో. ముద్దుగానే ఉంటుంది. వివరాలు ఉన్నవాటిని కూడా ముందు మోచేతి మడతలో పూసి ఒక రోజు చూసి, తర్వాతే ముఖానికి వాడు.

మీ ఇంట్లో మాంసం ముట్టరేమో నాకు తెలియదు. ముట్టకపోతే ఇంకొకటి కూడా చూసుకో. లేబుల్ మీద కార్మైన్ అనో, సీఐ 75470 అనో రాసుంటే ఆ ఎరుపు కోచినీల్ అనే పురుగుల నుంచి తీసినది. బ్లష్‌లలో, లిప్‌స్టిక్‌లలో మామూలే. హాని ఏం లేదు, అలర్జీ ఉన్నవాళ్ళకు తప్ప. కానీ తెలియకుండా వాడి తర్వాత తెలిస్తే మనసుకు ఇబ్బంది కదా, అందుకు చెప్పా.

పెళ్ళికి పెద్ద ప్లాన్ ఏం వద్దు. మాఘం కాబట్టి చెమట బాధ తక్కువ. కానీ వీడియో వాళ్ళ ఫోకస్ లైట్లు సగం రంగు తినేస్తాయి. డ్యూటీకి పూసుకునే దానికంటే ఒక వాసి ఎక్కువ వేసుకో. ముందు క్రీమ్ బ్లష్, దాని మీద అదే రంగు పొడి బ్లష్, రెండు పొరలుంటే భోజనాల దాకా నిలుస్తుంది. చీర ఏ రంగైనా బుగ్గకు కనకాంబరం, కంటి కింద ఆ నెమలి పచ్చ. ఇది పెళ్ళి రోజు మొదటిసారి చేయొద్దు. ఇప్పటి నుంచే వారానికి రెండుసార్లు డ్యూటీకి వేసుకుని పో. నీ పక్కనమ్మాయి నోటి దురుసుదే అయినా కళ్ళు మంచివి, ఆమెనే చూడమను. ఏమీ అనలేదంటే సరిగ్గా కుదిరిందని.

పెళ్ళింటికి మాత్రం ప్యాలెట్ తీసుకుపోవద్దు. పుస్తకంలా తెరుచుకునే డబ్బా కనిపిస్తే పిన్నులు, వదినలు, వాళ్ళ పిల్లలు అందరూ వేలు పెడతారు, కాదనలేవు. ఒకరి కళ్ళకలక ఇంటిల్లిపాదికీ అంటుకోవడానికి ఇంతకంటే సులువు దారి లేదు. ఇంట్లోనే వేసుకుని పో. చేతిసంచిలో ఒక్క బ్లష్ చాలు.

ఇక పదో డబ్బా కొనే సంగతి. వద్దని నేననను, అనే అర్హత లేదు నాకు. ఉన్నవాటిలో ఏదో ఒకదాని అడుగు రేకు గోటి బిళ్ళంతైనా కనిపించాక కొనుక్కో. ఎంత కాలం పడుతుందో చూసి నువ్వే ఆశ్చర్యపోతావు. అయిదు గ్రాముల బ్లష్ అంటే రోజూ పూసినా అంత తొందరగా అయ్యేది కాదు.

చివరికి హార్ట్ డబ్బా. అది పొడి బ్లష్ అయితే బాగవుతుంది. ముక్కలన్నీ ఒక్కటి కూడా పారేయకుండా ఆ డబ్బాలోనే వేసి, చెంచా వెనక భాగంతో మెత్తటి పొడిగా నలుపు. గడ్డలు మిగలకూడదు, మిగిలితే తర్వాత బుగ్గ మీద చారలు వస్తాయి. మందుల షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్ చుక్క చుక్కగా వేస్తూ, టూత్‌పిక్‌తో కలుపు. చపాతీ పిండిలా కాదు, తడి ఇసుకలా ఉంటే చాలు. చెంచాతో సమంగా సర్ది, అయిదు రూపాయల బిళ్ళకు పాత నూలు గుడ్డ చుట్టి, మూలల నుంచి మధ్యకు గట్టిగా అదుముతూ రా. గుడ్డ తడిని పీల్చుకుంటుంది. నేత గుర్తు పొడి మీద పడుతుంది, ఆ కొత్త అచ్చు నీదే. మూత వేయకుండా రాత్రంతా ఆరనివ్వు. స్పిరిట్ వాసన పోయేదాకా ముఖానికి పూయొద్దు. ఆరబెట్టేటప్పుడు మీ అమ్మ ఏమన్నా సరే దేవుడి గూటి దగ్గర మాత్రం పెట్టకు. స్పిరిట్ కదా, దీపం తగిలి అంటుకుంటుంది.